విశ్వానికి వయసుందా? సరుకుకి లెక్కుందా?

గాంధీకొండ (విజయవాడ)
వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే రగడ. ఒకాయన "శక్తి పుట్టదు, నశించదు, కాబట్టి విశ్వం అనాది" అంటాడు. ఇంకొకాయన "బిగ్ బ్యాంగ్ జరిగి 1380 కోట్ల ఏళ్లు, కాబట్టి మొదలుంది, కాబట్టి సరుకూ పరిమితమే" అంటాడు. ఇద్దరూ ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు, అందుకే ఇద్దరి మీదా అనుమానం. కాలానికి మొదలుందా, పదార్థానికి మొత్తం లెక్కుందా? కొలతలు మనల్ని ఎంతదూరం తీసుకెళ్తాయో, ఎక్కడ వదిలేస్తాయో తెలిసినవాళ్లు రాయండి. శ్లోకాలూ, "సైన్సుకి అందనిది" లాంటి మాటలూ వద్దు దయచేసి.

లెక్కలపుస్తకం (గుంటూరు)
రెండో ఆయన వాడిన రెండు "కాబట్టి"ల్లో రెండోది చెల్లదు. వయసు పరిమితమైతే పరిమాణం కూడా పరిమితం కావాలని లేదు. మొదట్నుంచీ అనంతంగా ఉన్న విశ్వం వ్యాకోచిస్తూ ఇప్పుడూ అనంతంగానే ఉండొచ్చు. ఐన్‌స్టీన్ సమీకరణాలకి అందులో అభ్యంతరమేమీ లేదు. "ఒక చుక్కలోంచి పేలింది" అన్న స్కూలు బొమ్మతో వచ్చిన చిక్కిది. అప్పుడు చుక్కంత ఉన్నది ఇవాళ మనకి కనిపించే భాగం. మొత్తం ఎంతో ఆ బొమ్మ చెప్పదు.

ముందు వయసు తేలుద్దాం. హబుల్ స్థిరాంకం (విశ్వం ఎంత జోరుగా వ్యాకోచిస్తోందో చెప్పే సంఖ్య) 67.4 అనుకోండి, అంటే ఒక్కో మెగాపార్సెక్ దూరానికి సెకనుకి 67.4 కిలోమీటర్ల వేగం. మెగాపార్సెక్ అంటే 3.086 × 10¹⁹ కిలోమీటర్లు. భాగిస్తే 4.58 × 10¹⁷ సెకన్లు. ఏడాదికి 3.156 × 10⁷ సెకన్ల చొప్పున 1450 కోట్ల ఏళ్లు. వేగం ఎప్పుడూ మారలేదనుకుంటే వచ్చే కాలం ఇది, వయసు కాదు. మొదట్లో పదార్థం వ్యాకోచానికి పగ్గం వేసింది, తర్వాత డార్క్ ఎనర్జీ (వ్యాకోచాన్ని వేగపరిచే, ఇంకా అర్థంకాని శక్తి) తోసింది. రెంటికీ కలిపి ఒక గుణకం ఉంది. పదార్థం వాటా 0.315, డార్క్ ఎనర్జీ 0.685 తీసుకోండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించి వర్గమూలం తీస్తే 1.4747. దాని విలోమ హైపర్బాలిక్ సైన్ 1.1807. దాన్ని 2తో గుణించి, 3తోనూ 0.685 వర్గమూలంతోనూ భాగిస్తే 0.951. 1450ని దాంతో గుణిస్తే 1379. అందరూ చెప్పే 1380 ఇదే.

డార్క్ ఎనర్జీ లేదనుకుంటే, అంతా పదార్థమే అయితే, గుణకం 2/3. వయసు 967 కోట్ల ఏళ్లకి పడిపోతుంది. కానీ గోళాకార నక్షత్ర గుచ్ఛాల వయసు 1200 నుంచి 1300 కోట్ల ఏళ్లు. తల్లికంటే పిల్ల పెద్దదన్నమాట. 1990ల మొదట్లో కాస్మాలజీ వాళ్ల తలనొప్పి ఇదే. వ్యాకోచ వేగం పెరుగుతోందని 1998లో సూపర్‌నోవాలని, అంటే పేలిన నక్షత్రాలని, కొలిచిన రెండు బృందాలు చూపించాకే లెక్క కుదిరింది. పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్‌లకి 2011 నోబెల్ అందుకే.

తెనాలి_ట్రాన్సిస్టర్
మాస్టారూ, 67.4 ఒక్కటే రాసి వదిలేస్తే ఎలాగండీ. అది ప్లాంక్ ఉపగ్రహం కొలిచిన సూక్ష్మతరంగ నేపథ్యం నుంచి వచ్చింది (విశ్వానికి 3.8 లక్షల ఏళ్లప్పుడు బయల్దేరి ఇప్పటికీ ఆకాశమంతటి నుంచీ వస్తున్న వికిరణం అది). సెఫీడ్ నక్షత్రాలు (వెలుగు పెరిగి తరిగే కాలాన్ని బట్టి నిజ ప్రకాశం తెలిసేవి), సూపర్‌నోవాలతో మెట్టుమెట్టుగా కొలిచినవాళ్లకి 73 వస్తోంది. మీ గుణకమే వాడితే వయసు 1274 కోట్లు. వంద కోట్ల తేడా ఇంకా తెగలేదు.

ఎవరైనా స్వయంగా చెయ్యాలంటే పాంథియన్ ప్లస్ సూపర్‌నోవా పట్టిక ఉచితంగా దొరుకుతుంది. ఎక్సెల్ చాలు. ఎక్కడ దెబ్బతింటారో మాత్రం ముందే చెబుతాను. ఒక టైప్ 1ఎ సూపర్‌నోవా గరిష్ఠ ప్రకాశం 14.0 మ్యాగ్నిట్యూడ్ (ఈ కొలమానంలో సంఖ్య తగ్గితే వెలుగు ఎక్కువ), ఎరుపు విస్థాపనం (వ్యాకోచం వల్ల తరంగదైర్ఘ్యం ఎంత సాగిందన్న లెక్క) 0.0109 అనుకోండి. వేగం సెకనుకి 3268 కిలోమీటర్లు. దాని నిజ ప్రకాశం −19.25 అని పెడితే దూరం 44.7 మెగాపార్సెక్‌లు, స్థిరాంకం 73.2. అదే −19.40 అని పెడితే దూరం 47.9, స్థిరాంకం 68.3. చూశారా, గొడవంతా ఆ 0.15 మ్యాగ్నిట్యూడ్‌లోనే ఉంది. పట్టికలోంచి ప్రకాశానికీ విస్థాపనానికీ గీత ఎంత చక్కగా గీసినా ఈ సంఖ్య దాని వాలులోంచి రాదు, దగ్గరి గెలాక్సీల్లో సెఫీడ్‌లని పట్టుకుని విడిగా తేవాలి.

రెండో గొయ్యి: గెలాక్సీలకి సొంత పరుగులుంటాయి, సెకనుకి 300 కిలోమీటర్ల దాకా. పై ఉదాహరణలో అదొక్కటే 9 శాతం తప్పు తెస్తుంది. అందుకే 0.023 కంటే తక్కువ విస్థాపనం ఉన్నవాటిని తీసేస్తారు, 0.15 దాటినవాటినీ వదిలేస్తారు, ఎందుకంటే అక్కణ్ణుంచి గీత వంపు తిరుగుతుంది. మూడోది చాలామంది చూసుకోరు: సూర్యుడే నేపథ్య వికిరణంతో పోలిస్తే సెకనుకి 370 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు. పట్టికలో సూర్యకేంద్ర విస్థాపనం ఒక కాలమ్‌లో, సవరించినది ఇంకో కాలమ్‌లో ఉంటాయి. మొదటిది వాడితే ఆకాశంలో ఒక పక్క విశ్వం వేగంగా, ఇంకో పక్క నెమ్మదిగా వ్యాకోచిస్తున్నట్టు వస్తుంది!

సందేహాలరాయుడు (మంగళగిరి)
వయసు లెక్క బాగుంది. కానీ మొదటి ఆయన మాటకి జవాబు రాలేదు. శక్తి నిత్యత్వ నియమం ఉండగా "మొదలు" అనడానికి ఎవరికైనా ఎలా నోరొస్తుంది?

వక్రత (గుంటూరు)
ఆ నియమం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి రాయుడుగారూ. గణితవేత్త ఎమీ నోథర్ 1918లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, నియమాలు నిన్నా నేడూ ఒకేలా ఉండే వ్యవస్థల్లో శక్తి నిలుస్తుంది. వ్యాకోచించే విశ్వానికి మొత్తంగా ఆ సౌష్ఠవం లేదు. ఉదాహరణ కావాలంటే నేపథ్య వికిరణమే ఉంది. అది బయల్దేరినప్పటి నుంచి తరంగదైర్ఘ్యం సుమారు 1090 రెట్లు సాగింది, ఒక్కో ఫోటాన్ శక్తి అన్ని రెట్లు తగ్గింది. ఆ శక్తి ఎక్కడికి పోయిందని అడిగితే, ఎక్కడికీ పోలేదు. నిలిచి తీరాలన్న హామీ అక్కడ లేదు, అంతే. ప్రయోగశాలలో, సౌరకుటుంబంలో నియమం భేషుగ్గా పనిచేస్తుంది. దాన్ని మొత్తం విశ్వానికి పొడిగించి "అనాది" అని ముద్ర వెయ్యడం కుదరదు.

అలాగని ఇది మొదలుందని నిరూపించదు. ఆ వాదన ఎటువైపూ పనికిరాదు, అంతవరకే.

చీకటిరాత్రి (సత్తెనపల్లి)
ఏ పరికరమూ లేకుండా అందరికీ కనిపించే సాక్ష్యం ఇంకోటుంది: రాత్రి చీకటిగా ఉండటం. కెప్లర్ 1610లోనే అడిగాడు, 1823లో రాసిన ఓల్బర్స్ పేరు దానికి అంటుకుంది. నక్షత్రాలు అనంతంగా, అనాదిగా ఉంటే ఏ దిక్కు చూసినా చూపు చివరికి ఒక నక్షత్రం మీద ఆగాలి, ఆకాశమంతా సూర్యబింబంలా మండాలి.

ఎందుకు మండటం లేదంటే "ఎరుపు విస్థాపనం వల్ల" అని చాలాచోట్ల రాస్తారు. అది చిన్న కారణం. వ్యాకోచం ఆ వెలుగుని దాదాపు సగానికి తగ్గిస్తుంది, అంతకు మించి కాదు. అసలు సంగతి లెక్కలో ఉంది. ఇప్పుడున్న నక్షత్ర సాంద్రతతో ప్రతి చూపూ ఒక నక్షత్రానికి తగలాలంటే కనీసం 10²³ కాంతి సంవత్సరాల లోతు కావాలి. వెలుగు ప్రయాణించడానికి దొరికిన కాలం 10¹⁰ ఏళ్ల పైచిలుకు. ఎక్కడ 23, ఎక్కడ 10!

పోనీ కాలం అనంతం అనుకుందాం. ఇప్పుడున్న మామూలు పదార్థం మొత్తాన్ని శక్తిగా మార్చేద్దాం, అణువు మిగలకుండా. ఘనమీటరుకి 4.2 × 10⁻²⁸ కిలోలు, కాంతివేగ వర్గంతో గుణిస్తే 3.8 × 10⁻¹¹ జౌల్‌లు. వికిరణ స్థిరాంకం 7.57 × 10⁻¹⁶తో భాగించి నాలుగో మూలం తీస్తే 15 కెల్విన్. సూర్యుడి ఉపరితలం 5800 కెల్విన్. ఆకాశాన్ని మండించేంత సరుకే లేదు. అంటే చీకటి రాత్రి చెబుతున్నది "వయసు తక్కువ" అని మాత్రమే కాదు, "ఘనమీటరుకి దొరికే ఇంధనం బహు తక్కువ" అని కూడా. మొత్తం ఘనమీటర్లెన్ని అన్నది మాత్రం దీనికి పట్టదు.

మిర్చియార్డు
సరుకు మాటొచ్చినప్పుడు మన గుంటూరు పేరెత్తకపోతే ఎలా గురూ! 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్సెన్ మన ఊళ్లోనే హీలియం కనుక్కున్నాడు. ఈ థ్రెడ్‌కి సంబంధం లేకపోయినా గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి.

అరండల్‌పేట (గుంటూరు)
సంబంధం లేకపోవడమేంటి బ్రదర్, ఈ చర్చకి వెన్నెముక అదే. కాకపోతే చరిత్ర కొంచెం సర్దాలి. జాన్సెన్ గుంటూరులో చూసింది సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలు. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకుండా కూడా చూడొచ్చని ఆయనకి తట్టింది, మర్నాడే చూశాడు. ఆయన గొప్పతనం ఆ పద్ధతిలో ఉంది. టెనెంట్ నడిపిన బ్రిటిష్ బృందం కూడా గుంటూరులోనే ఉంది, పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. పసుపు గీత సోడియం జంటగీతల మీద పడటం లేదని, 587.5 నానోమీటర్ల దగ్గర విడిగా ఉందని లాకియర్ ఇంగ్లండులో అక్టోబరు 20న చూశాడు. పేరూ అటువైపే వచ్చింది. భూమ్మీద యురేనియం ఖనిజంలోంచి దాన్ని పట్టుకున్నది రామ్సే, 1895లో.

ఇక అసలు విషయం. విశ్వంలో మామూలు పదార్థంలో బరువు లెక్కన పాతిక శాతం దాకా హీలియం. ఇది నక్షత్రాలు వండింది అయ్యుండొచ్చా? పాలపుంత వెలుగు సుమారు 2500 కోట్ల సూర్యుళ్లంత. ఒక్కో సూర్యుడంత వెలుగుకి సెకనుకి 6 × 10¹¹ కిలోల హైడ్రోజన్ హీలియంగా మారాలి. 1300 కోట్ల ఏళ్లు అదే జోరు అనుకుంటే 310 కోట్ల సూర్యుళ్ల బరువు హీలియం. పాలపుంతలో మామూలు పదార్థం 6000 కోట్ల సూర్యుళ్ల చుట్టూ ఉంటుంది. అంటే 5 శాతం. అందులోనూ ఎక్కువ భాగం నక్షత్రాల కడుపులోనే ఇరుక్కుని ఉంటుంది. పాత కాలంలో నక్షత్రాలు ఎక్కువ వెలిగాయని రెట్టింపు చేసినా పాతిక రాదు. ఇంకా గట్టి సాక్ష్యం: ఐ జ్వికీ 18 లాంటి చిన్న గెలాక్సీల్లో ఆక్సిజన్ సూర్యుడిలో ఉన్నదానిలో సుమారు నలభయ్యో వంతే. నక్షత్రాలు అక్కడ ఇంకా పెద్దగా వండనేలేదు. హీలియం మాత్రం 24 శాతం దాకా ఉంది.

వేడి మొదలు ఉందనుకుంటే ఆ పాతిక దానంతటదే వస్తుంది. మొదటి సెకను దగ్గర ఉష్ణోగ్రత సుమారు వెయ్యి కోట్ల డిగ్రీలు. న్యూట్రాన్‌లు, ప్రోటాన్‌లు ఒకదాంట్లోకి ఒకటి మారడం ఆగిపోయేసరికి ఆరు ప్రోటాన్‌లకి ఒక న్యూట్రాన్ మిగిలింది. వెంటనే కలవలేవు, ఎందుకంటే ఒక్కో ప్రోటాన్‌కో న్యూట్రాన్‌కో 160 కోట్ల ఫోటాన్‌లున్నాయి, డ్యుటీరియం (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన బరువు హైడ్రోజన్) పుట్టగానే పగలగొడతాయి. వంద కోట్ల డిగ్రీల కిందికి చల్లారేదాకా, అంటే మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. ఈలోగా కొన్ని న్యూట్రాన్‌లు క్షయమై నిష్పత్తి ఏడుకి ఒకటి అవుతుంది. పదహారు కణాలు తీసుకోండి: 2 న్యూట్రాన్‌లు, 14 ప్రోటాన్‌లు. రెండు న్యూట్రాన్‌లు రెండు ప్రోటాన్‌లని పట్టుకుని ఒక హీలియం, బరువు 4. మిగతా 12 హైడ్రోజన్. పదహారులో నాలుగు, పాతిక శాతం.

సరుకు లెక్క కూడా ఇక్కడే దొరుకుతుంది. మిగిలిపోయిన డ్యుటీరియం మామూలు పదార్థం సాంద్రత మీద ఆధారపడుతుంది: సాంద్రత ఎక్కువైతే ఇంకా బాగా మండిపోయి తక్కువ మిగులుతుంది. దూరపు క్వేజార్‌ల (చాలా ప్రకాశంగా వెలిగే గెలాక్సీ కేంద్రాల) వర్ణపటాల్లో హైడ్రోజన్‌తో పోలిస్తే 2.5 × 10⁻⁵ కనిపిస్తోంది. దాన్నుంచి వచ్చే సాంద్రత, నేపథ్య వికిరణం నుంచి వచ్చే సాంద్రతతో సరిపోతుంది: నాలుగు ఘనమీటర్లకి ఒక ప్రోటాన్. మూడు నిమిషాల నాటి సాక్ష్యం, 3.8 లక్షల ఏళ్ల నాటి సాక్ష్యం ఒకే మాట చెబుతున్నాయి. లిథియం మాత్రం చెప్పదు. లెక్కలో రావాల్సినదాంట్లో మూడో వంతే పాత నక్షత్రాల్లో కనిపిస్తోంది, అది ఇప్పటికీ మొండిచిక్కు.

గాంధీకొండ
అంటే కొలతల భరోసా మొదటి సెకను దాకా ఉంది, "సున్నా" క్షణానికి లేదు. నాకు అర్థమైంది సరేనా?

అరండల్‌పేట
సరే. 1380 కోట్ల ఏళ్లన్నది ఆ వేడి దశ నుంచి లెక్క. అంతకు ముందు ఏమీ లేదని ఆ సంఖ్య చెప్పదు.

భవానీద్వీపం (విజయవాడ)
అనాది పక్షాన్ని మరీ వాట్సాప్ స్థాయికి దించకండి. 1948లో బాండీ, గోల్డ్, హోయిల్ పెట్టిన స్థిరస్థితి సిద్ధాంతం గౌరవనీయమైనది, మన జయంత్ నార్లీకర్ జీవితమంతా దానివైపే నిలిచారు. వ్యాకోచంతో పలచబడే చోటుని కొత్త పదార్థం నింపుతుంటే విశ్వం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఎంత పుట్టాలో లెక్క వేస్తే నవ్వొస్తుంది: ఘనకిలోమీటరుకి ఏడాదికి ఒక హైడ్రోజన్ పరమాణువు చుట్టూ. దాన్ని ఏ ప్రయోగశాలా కాదనలేదు.

అరండల్‌పేట
పుట్టే రేటుని ఎవరూ కాదనలేకపోయారు నిజమే. దెబ్బతిన్నది వేరేచోట. దూరంగా, అంటే గతంలో, రేడియో మూలాలూ క్వేజార్‌లూ ఇప్పటికంటే దట్టంగా ఉన్నాయి. ఎప్పుడూ ఒకేలా ఉండే విశ్వంలో అలా ఉండకూడదు. హీలియం మామూలు నక్షత్రాల్లో వండింది కాదని టేలర్‌తో కలిసి 1964లో రాసింది హోయిలే, అది ఆయన నిజాయితీ. 1993 తర్వాతి మెరుగుపరచిన రూపంలో నేపథ్య వికిరణాన్ని సన్నని ఇనుప పోగులు పుట్టిస్తాయన్నారు. కోబీ ఉపగ్రహం కొలిచిన 2.725 కెల్విన్ వర్ణపటం కృష్ణవస్తువు (ఉష్ణోగ్రతని బట్టి మాత్రమే వెలిగే ఆదర్శ వస్తువు) గీత నుంచి లక్షలో ఐదు వంతులు కూడా పక్కకి పోలేదు. పోగులతో అంత నునుపు రావడం చాలా కష్టం.

కొండపల్లిబొమ్మ
ఆ 2.7 కెల్విన్‌ని ఇంటి డాబా మీద డిష్‌తో కొలవచ్చంటున్నారు, నిజమేనా? కాలేజీ ప్రాజెక్టుకి బాగుంటుంది.

తెనాలి_ట్రాన్సిస్టర్
వినడానికి బాగుంటుంది, కొలవడం వేరు. డిష్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే, సంకేతాన్ని పెంచే డబ్బా) సొంత రొద 60 కెల్విన్ అనుకోండి. నేలవైపు తిప్పితే 300 కలిసి 360. నెత్తిమీది ఆకాశంవైపు తిప్పితే గాలీ, నేపథ్యమూ కలిపి పది వేసుకున్నా 70. నిష్పత్తి 5.1, మీటరులో 7 డెసిబెల్. అందులో 2.7 కెల్విన్ వాటా 0.17 డెసిబెల్. మన ఎండకి ఎల్‌ఎన్‌బీ వేడెక్కితే గెయినే అంత జారిపోతుంది.

గాలి వాటా విడదీయొచ్చు: నెత్తిమీద ఒక వంతైతే, నెత్తి నుంచి 60 డిగ్రీలు వంచితే గాలి మందం రెండింతలు, కాబట్టి దాని వాటా కూడా రెండింతలు. నాలుగైదు కోణాల్లో కొలిచి గీత గీస్తే, గాలి మందం సున్నా అయినచోట మిగిలేది ఎల్‌ఎన్‌బీ రొద, నేల నుంచి దొంగగా వచ్చే వేడి, నేపథ్యం, మూడూ కలిపి. అక్కడ ఆగిపోతారు. మూడింటినీ విడదీయాలంటే పోల్చి చూసుకోడానికి ఉష్ణోగ్రత కచ్చితంగా తెలిసిన చల్లని వస్తువు (లోడ్) కావాలి. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్, అది కూడా చాలా దూరమే. నేపథ్యాన్ని మొదట పట్టుకున్న పెంజియాస్, విల్సన్‌లు 4080 మెగాహెర్ట్జ్ దగ్గర వాడింది ద్రవ హీలియం, 4.2 కెల్విన్. వాళ్ల హార్న్ యాంటెనా నేల వేడిని దాదాపు రానివ్వదు, డిష్ అంచులు రానిస్తాయి. ఇన్ని ఉన్నా 1965లో వాళ్లు ప్రకటించింది 3.5, ఒకటి అటూ ఇటూగా. ప్రాజెక్టుగా గాలి వాటా కొలవండి, వర్షాకాలంలో ఒకసారి, జనవరిలో ఒకసారి. అది నికరంగా వస్తుంది.

వక్రత
ఇక సరుకు లెక్క. కనిపించే విశ్వం వ్యాసార్థం 4650 కోట్ల కాంతి సంవత్సరాలు. 1380 కాదు, ఎందుకంటే వెలుగు వస్తుండగా దారి సాగింది. ఘనపరిమాణం 3.6 × 10⁸⁰ ఘనమీటర్లు. నాలుగు ఘనమీటర్లకి ఒక ప్రోటాన్ చొప్పున 10⁸⁰కి కాస్త తక్కువ. ఫోటాన్‌లు ఘనసెంటీమీటరుకి 411, మొత్తం 1.5 × 10⁸⁹. ఈ అర్థంలో సరుకు పరిమితమే, అందులో వివాదం లేదు. కానీ ఇది మన చూపు హద్దు, విశ్వం హద్దు కాదు. అక్కడ గోడేమీ లేదు.

మొత్తం సంగతి తేల్చడానికి వక్రత, అంటే అంతరిక్షం ఎంత వంగి ఉందో కొలుస్తారు. ప్లాంక్ కొలతలకి గెలాక్సీల అమరిక కొలతలు జోడిస్తే వక్రత వాటా 0.001, అటూ ఇటూ 0.002. సున్నాతో సరిపోతుంది, అంటే చదును. ప్లాంక్ ఒక్కదాన్నే కొన్ని రకాలుగా విశ్లేషిస్తే మూసుకున్న విశ్వం వైపు మొగ్గుతుందని 2019లో డి వాలెంటీనో, మెల్కియోరీ, సిల్క్ రాశారు. మిగతా కొలతలతో అది పొసగదు కాబట్టి ఎక్కువమంది ఒప్పుకోలేదు.

ఒకవేళ విశ్వం గోళంలా మూసుకునే ఉంది, వక్రత వాటా 0.004 అనుకోండి. వక్రతా వ్యాసార్థం 1450ని 0.004 వర్గమూలంతో భాగిస్తే వస్తుంది, సుమారు 23 వేల కోట్ల కాంతి సంవత్సరాలు. మొత్తం ఘనపరిమాణం కనిపించేదానికి ఐదొందల రెట్ల పైన. పరిమితమే అయినా కనీసం అంత. ఇక చదునైతే? అప్పుడు కూడా అనంతమని రాసివ్వలేం. ఒక పక్క బయటికెళ్తే ఇంకో పక్క లోపలికొచ్చే టోరస్ చదునే, పరిమితమే. చదునుగా ఉండి మూసుకునే ఆకారాలు గణితంలో పది రకాలున్నాయి. అలాంటిదైతే నేపథ్య వికిరణంలో ఒకే రకం మచ్చల వలయాలు రెండు వేర్వేరు దిక్కుల్లో కనబడాలి. 1998లో కార్నిష్, స్పెర్గెల్, స్టార్క్‌మన్ ఈ ఉపాయం చెప్పారు, 2004లో డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహ దత్తాంశంలో వెతికారు, జతలు దొరకలేదు. కాబట్టి విశ్వం చుట్టుకుని ఉంటే ఆ చుట్టు మన చూపు హద్దుకి దరిదాపుల్లోనో, ఆవలో ఉండాలి.

ఇందులో ఒక వంకర ఉంది, గమనించండి. వక్రత సున్నా కాదని, ఎటువైపో, ఏదో ఒకరోజు తేలొచ్చు. కచ్చితంగా సున్నా అని మాత్రం ఏ కొలతా తేల్చలేదు, తప్పు అంచనా ఎప్పుడూ కొంత మిగులుతుంది. "పరిమితం" అన్నది వలయాలు దొరికితే రుజువవుతుంది. "అనంతం" అన్నదానికి అలాంటి సాక్ష్యం ఊహించడం కూడా కష్టం.

యుగధర్మం
బ్రహ్మకి ఒక పగలు 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు 454 కోట్లు. మన వాళ్లకి ముందే తెలుసు. ఇంకేం చర్చ?

తార్కికుడు (అమరావతి)
22 కోట్ల ఏళ్ల తేడాని "అదే" అనేస్తే కొలవడం ఎందుకండీ. భూమి వయసులో అనిశ్చితి ఒక శాతం చుట్టూ, అంటే ఐదు కోట్లు. పైగా శ్లోకాలొద్దన్న మొదటి పోస్టు మీరు చూడలేదు. అయినా మన తాతల్లో ఒకే మాట లేదు. ప్రపంచం ఎప్పుడూ ఇలాగే ఉందన్నారు మీమాంసకులు. లోకం పరిమితం, దాని బయట అలోకాకాశం అనంతం అన్నారు జైనులు. లోకం శాశ్వతమా, అంతం ఉందా అంటే బుద్ధుడు జవాబివ్వలేదు. సంప్రదాయం మన కృష్ణా ఒడ్డుకి ముడిపెట్టే నాగార్జునుడు మూలమధ్యమకకారికలో 27వ ప్రకరణమంతా శాశ్వతం, అశాశ్వతం, రెండూ, రెండూ కాదు అన్న నాలుగు పక్షాలనీ కొట్టెయ్యడానికే కేటాయించాడు. ఇష్టమైతే అది వేరే థ్రెడ్‌లో మాట్లాడదాం.

ఇక్కడి ప్రశ్న మొదటి సెకనుకి ముందు. 1955లో కలకత్తాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి రాసిన సమీకరణం అసలు మలుపు. గురుత్వం ఆకర్షిస్తూ ఉన్నంతకాలం, వెనక్కి నడిపిస్తే దారులన్నీ పరిమిత కాలంలోనే ఒకచోట ముడిపడతాయి. దాని మీదే పెన్‌రోజ్ 1965లోనూ, హాకింగ్‌తో కలిసి 1970లోనూ సిద్ధాంతాలు కట్టాడు. కానీ ఇన్‌ఫ్లేషన్ (తొలి క్షణంలో విశ్వం విపరీత వేగంతో ఉబ్బిందన్న ప్రతిపాదన) వస్తే గురుత్వం తోస్తుంది, ఆ షరతు పోతుంది. అందుకని 2003లో బోర్డే, గూత్, విలెంకిన్ వేరే దారి పట్టారు: సగటున వ్యాకోచిస్తూనే వచ్చిన ఏ విశ్వంలోనైనా గతంలోకి పోయే దారులు పరిమిత కాలంలో ఆగిపోతాయి. దీన్ని "సృష్టి రుజువైంది" అని ఊరేగిస్తుంటారు. అది చెప్పేది, ఆ వర్ణన అక్కడికి ఆగిపోతుందని. అవతల వేరే భౌతికశాస్త్రం ఉండొచ్చు, సంకోచించిన దశ ఉండొచ్చు. సంకోచం ఉంటే "సగటున వ్యాకోచం" అన్న షరతే పోతుంది. గురుత్వాన్ని క్వాంటం సూత్రాలతో కలపాలని చూసే లూప్ క్వాంటం లెక్కల్లో, ఘనమీటరుకి 5 × 10⁹⁶ కిలోల ప్లాంక్ సాంద్రతలో సుమారు 0.41 వంతు దగ్గర విశ్వం కుప్పకూలకుండా తిరగబడుతుంది. అది ప్రతిపాదన, దానికి పరిశీలనల మద్దతు ఇంకా రాలేదు.

కానీ తిరగబడే విశ్వాలకీ ఒక అప్పుంది. టోల్‌మన్ 1930ల్లోనే చూపించాడు: చుట్టు చుట్టుకీ ఎంట్రోపీ (అస్తవ్యస్తత కొలత) పెరుగుతుంది, కాబట్టి చుట్టు పెద్దదవుతుంది, వెనక్కి పోతే చిన్నదవుతూ మళ్లీ ఒక మొదలు దగ్గరికే వస్తాం. ఇవాళ కనిపించే భాగంలో ఎంట్రోపీ సుమారు 10¹⁰⁴, చాలావరకు గెలాక్సీ నడుమ ఉన్న మహా కృష్ణబిలాలదే. ఉండగలిగిన గరిష్ఠం 10¹²² చుట్టూ. అనాదిగా ఇదే సరుకు ఇదే నియమాలతో ఉండి ఉంటే ఎప్పుడో గరిష్ఠానికి చేరేది. అనాది పక్షం ఎవరు పట్టుకున్నా ఈ తక్కువ ఎంట్రోపీ ఎలా వచ్చిందో చెప్పాలి. స్టైన్‌హార్ట్, టురోక్‌ల చక్రీయ నమూనాలో పెద్ద వ్యాకోచం దాన్ని పలచన చేస్తుంది. పెన్‌రోజ్ ఇంకో దారి చూపాడు. రెండూ పూర్తిగా ఒప్పించేవిగా నాకు అనిపించలేదు.

చీకటిరాత్రి
ముందువైపు సంగతి క్లుప్తంగా. డార్క్ ఎనర్జీ స్థిరంగా ఉంటే భవిష్యత్తు అనంతం, అందుబాటులో ఉండే సరుకు మాత్రం తగ్గిపోతుంది. ఇవాళ బయల్దేరి కాంతివేగంతో పోయినా చేరగల హద్దు 1650 కోట్ల కాంతి సంవత్సరాల చుట్టూ. ఘనం చేస్తే కనిపించేదాంట్లో 95 శాతం ఇప్పటికే చేజారింది. 10¹⁴ ఏళ్లకి నక్షత్రాలు పుట్టడం ఆగుతుంది. గెలాక్సీల పటం గీస్తున్న డెసి సర్వే 2024, 2025 ఫలితాలు డార్క్ ఎనర్జీ బలహీనపడుతోందేమోనని సూచిస్తున్నాయి. అది నిలబడితే ఈ పేరా తిరగరాయాలి.

కొండపల్లిబొమ్మ
లెక్కలపుస్తకం గారూ, మీ వయసు గుణకం షీట్‌లో పెట్టాను. 0.951 వచ్చింది. డార్క్ ఎనర్జీ సెల్‌లో సున్నా పెడితే తప్పు చూపిస్తోంది. 0.0001 పెడితే వయసు 1722 కోట్లు వస్తోంది. మీరేమో 967 అన్నారు.

లెక్కలపుస్తకం
పదార్థం సెల్ 0.315 దగ్గరే వదిలేశారు. ఆ సూత్రం చదునైన విశ్వానికే, రెండు వాటాలూ కలిపి 1 కావాలి. పదార్థానికి 0.9999 ఇవ్వండి, 967 వస్తుంది. సున్నా పెడితే భాగహారంలో సున్నా వస్తుంది కాబట్టి తప్పు చూపిస్తుంది. పదార్థం 0.315, మిగతాది ఖాళీ వక్రత అనుకుంటే సూత్రమే వేరు: 1లోంచి 0.315 తీసి తలకిందులు చేస్తే 1.460. దాంట్లోంచి 0.656 తీసెయ్యాలి. ఆ 0.656 ఎలా వస్తుందంటే, 0.315ని 0.685 ఒకటిన్నర ఘాతానికి రెట్టింపుతో భాగించి, 2ని 0.315తో భాగించి ఒకటి తీసిన సంఖ్యకి విలోమ హైపర్బాలిక్ కొసైన్ కట్టి, దాంతో గుణించాలి. మిగిలేది 0.804, వయసు 1166 కోట్లు. గుచ్ఛాల్లోని పాత నక్షత్రాలకి అది కూడా చాలదు.